పళ్లెం అంచున మిగిలిన కొప్పులు

తెలీబాంధా చెరువు గట్టున ఉన్న ఆ హోటల్ ఆరో అంతస్తులో కిటికీ వెంట పది టేబుళ్లున్నాయి. ఆదివారం సాయంత్రం వాటిలో ఒకటి కావాలంటే నాలుగు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి. అక్కడ కూర్చుంటే చెరువు మొత్తం కనిపిస్తుంది. గట్టు మీద నడిచేవాళ్లు, ఎత్తైన జెండా స్తంభం, నీళ్ల మీద పడవలు, అవతల పెరుగుతున్న ఊరు. రాయ్‌పూర్‌కి సముద్రం లేదు గనక జనం ఈ చెరువు గట్టునే మెరైన్ డ్రైవ్ అని పిలుచుకుంటారు.

వంటగది అదే అంతస్తులో వెనక వైపు ఉంది. దానికున్న ఒక్క కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించేశారు. ఆ వంటగదిలో ఐదేళ్లపాటు రోజుకి రెండు మూడు వందల డిమ్‌సమ్‌లు తన చేత్తో మడిచిన శేషమ్మ, ఆ చెరువును రోడ్డు మీద నుంచి చూడడమే తప్ప పైనుంచి ఒక్కసారీ చూడలేదు. పనివాళ్లు సరుకుల లిఫ్ట్‌లో ఎక్కాలి, సరుకుల లిఫ్ట్‌లో దిగాలి, హాల్లో అడుగు పెట్టకూడదు. ఒక్క ఆ హోటల్‌నే అనడానికి లేదు. మన ఊళ్లలో చూడముచ్చటైన చోటు ఎక్కడున్నా, దానికి వీపు పెట్టి పనిచేసే మనుషులు కొందరు తప్పకుండా ఉంటారు.

డిమ్‌సమ్ అంటే పల్చటి పిండి రేకులో కూరో కోడిమాంసమో రొయ్యో పెట్టి, అంచులు మడిచి, వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికించేది. చైనావాళ్ల వంట. శేషమ్మ భర్త దానయ్య మాత్రం దాన్ని కారం కుడుము అంటాడు.

శేషమ్మ తండ్రి ఇచ్ఛాపురం వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడ్డాడు. ఆమె పుట్టింది, పెరిగింది వేగన్ రిపేర్ షాపు కాలనీలోనే. ఎనిమిదో తరగతి దాకా హిందీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. దానయ్య భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో లారీలకు సరుకు ఎక్కించే పని చేస్తాడు. రైల్వే తండ్రికి పుట్టిన బిడ్డలందరికీ రైల్వే ఉద్యోగం రాదు. కాలనీ చుట్టూ ఉన్న చిన్న ఇళ్లన్నీ అలా రానివాళ్లవే.

2016లో మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ ద్వారా ఆమె ఆ హోటల్లో గిన్నెలు తోమే పనిలో చేరింది. మెడలో వేసుకునే కార్డు మీద ‘హెల్పర్ – యుటిలిటీ’ అని రాసిచ్చారు. మరుసటి ఏడాది మే నెలలో, బయట నలభై ఐదు డిగ్రీల ఎండ కాస్తుండగా, వంటగదిలో డిమ్‌సమ్ రేకులు పగిలిపోవడం మొదలైంది. వంటమాస్టరు తమాంగ్ డార్జిలింగ్ మనిషి. చల్లటి ఊళ్లో నేర్చుకున్న చెయ్యి. పిండి కలుపుతాడు, ఒత్తుతాడు, మడవబోతే అంచు చీలుతుంది. మూడు ముద్దలు చెత్తబుట్టలోకి పోయాక సింకు దగ్గర్నుంచి శేషమ్మ ఉండబట్టలేక హిందీలో అంది:

“మాస్టర్‌జీ, పిండిలో నీళ్లు పొయ్యకండి. మరిగే నీళ్లలో పిండి పొయ్యండి. పొయ్యి ఆపి మూత పెట్టి కాసేపు వదిలెయ్యండి.”

“నీకెలా తెలుసు దీదీ?”

“మా వినాయక చవితికి మేం చేసేది అదే. లోపల మీరు కోడి పెడతారు, మేం కొబ్బరి, బెల్లం పెడతాం.”

ఆమె చెప్పింది జిల్లేడుకాయల గురించి. అర్ధచంద్రంలా మడిచి ఆవిరి మీద ఉడికించే తీపి పిండివంట. పిండిని ఉక్కబెట్టి, ఉమ్మగిల్లనిచ్చి, వేడి మీదే మెదపాలని ఆమె తల్లి బంగారమ్మ నేర్పింది. బంగారమ్మ ప్రతి చవితికీ కాలనీ పందిరికి ఐదు వందల జిల్లేడుకాయలు చేసేది. తమాంగ్ ఆ రోజు చెప్పినట్టే చేశాడు. రేకు పగల్లేదు. మర్నాటి నుంచి పిండి శేషమ్మదయింది. నెల తిరిగేసరికి మడత కూడా ఆమెదే అయింది.

మడతలో ఆమె సొంతంగా ఒకటి చేర్చింది. మూటలా చేసే డిమ్‌సమ్‌కి అంచు చుట్టూ పద్దెనిమిది కుచ్చెళ్లు పెట్టి, అవన్నీ పైన కలిసేచోట గట్టిగా మెలితిప్పి చిన్న కొప్పులా చుట్టేది. చూడడానికి తలంటుకున్న ఆడపిల్ల జుట్టు ముడిలా ఉండేది. హోటల్ యజమానురాలు ప్రీతి మేడమ్‌కి అది తెగ నచ్చింది. మెనూ కార్డు మీద, ఫోన్లలో పెట్టే ప్రకటనల మీద ఆ కొప్పే. ఒక ఫోటోలో శేషమ్మ చెయ్యి కూడా ఉంది, మణికట్టు దాకా. ముఖం లేదు. కార్డు మీద ఇంకా ‘హెల్పర్ – యుటిలిటీ’యే.

ఇది చిన్న విషయం కాదు. ఆ రెండు మాటలే మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో చెబుతాయి. వంటవాడంటే నైపుణ్యం ఉన్న పనివాడు. హెల్పర్ అంటే ఎవరైనా ఒకటే, ఈ రోజు తీసేసి రేపు మరొకర్ని పెట్టుకోవచ్చు. కరోనా వచ్చి హోటల్ మూసినప్పుడు వంటవాళ్లకి ఫోన్లు వెళ్లాయి, ఎప్పుడు తెరుస్తారో చెప్పారు. హెల్పర్లకు వెళ్లలేదు. హోటల్ తెరిచిన సంగతి శేషమ్మకి నాగబాబు చెప్పాడు. నాగబాబు అదే హోటల్లో వెయిటర్, వాళ్ల కాలనీ మనిషే. ఆమెను ‘అప్పా’ అని పిలుస్తాడు. శ్రీకాకుళం వైపు అక్కను పిలిచే పిలుపు అది.

ఇంత చేస్తున్నా ఆమె డిమ్‌సమ్ ఒక్కటి కూడా తిని ఎరగదు. హోటల్ నియమం ప్రకారం ప్రతి బుట్టకీ లెక్క ఉంది, పనివాళ్లు ఒకటి నోట్లో వేసుకున్నా దొంగతనమే. వాళ్లకు మధ్యాహ్నం అన్నం, పప్పు పెడతారు. ఇంకో నియమం ఇంటి నుంచి వచ్చింది. నైవేద్యం చేసే చెయ్యి రుచి చూడకూడదని బంగారమ్మ కూతురికి చిన్నప్పుడే చెప్పింది. ఉప్పు వాసనతోనే తెలియాలి, ఉడుకు వేలితోనే తెలియాలి, ఒకరికి పెట్టేది ముందే ఎంగిలి చేయకూడదు. శేషమ్మ ఆ మాటను పందిరి నుంచి ఇంటికి, ఇంటి నుంచి హోటల్‌కి మోసుకొచ్చింది. లోపల పెట్టే ముద్ద రుచి తమాంగ్ చూసేవాడు. ఆమె మడిచేది.

మడవడం అయ్యాక రాత్రి గిన్నెలు కూడా ఆమే తోమేది, కార్డు మీద ఉన్న పని అదే కదా. ఖాళీ బుట్టలతో పాటు వచ్చే పళ్లాల అంచుల్లో ఆమె చుట్టిన కొప్పులు మిగిలి ఉండేవి. ఒక్కో పళ్లెంలో మూడు, నాలుగు. మొదట్లో వింతగా చూసింది, తర్వాత అర్థమైందనుకుంది. కంచం ఊడ్చేసినట్టు తింటే ఇంటికి లేమి వస్తుందని, చివరి ముద్ద కొంచెం అంచున వదలాలని బంగారమ్మ అనేది. వీళ్లూ అలాగే వదులుతున్నారు, పెద్దింటి మనుషులైనా పద్ధతి తెలిసినవాళ్లు అనుకుంది. ఐదేళ్లు అలాగే అనుకుంటూ ఆ కొప్పుల్ని తుడిచి బకెట్లో వేసింది.

2022 ఏప్రిల్‌లో తమాంగ్ తల్లికి జబ్బు చేసి, అతను ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోతానన్నాడు. డిమ్‌సమ్ వంటవాడి చోటు ఖాళీ కాబోతోంది. ప్రీతి మేడమ్ అప్పటికే ఒకతన్ని చూసి పెట్టింది. పేరు పృథ్వీ. భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే తెలుగు కుటుంబం కుర్రాడు, హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా ఉంది. తమాంగ్ మాత్రం అడ్డం తిరిగాడు.

“మేడమ్, ఈ ఐదేళ్లూ మీరు అమ్మింది శేషమ్మ దీదీ చేతిని. చోటు ఆమెకివ్వండి.”

“ఆమె ఏజెన్సీ మనిషి తమాంగ్. కాగితం ఏముంది ఆమె దగ్గర?”

“కాగితం మీరిస్తేనే కదా ఉండేది!”

చివరికి మేడమ్ ఒక పద్ధతికి ఒప్పుకుంది. ఇద్దరూ చెరో రకం డిమ్‌సమ్ చేస్తారు. తర్వాత హాల్లో టేబుల్ దగ్గర కూర్చుని రెండూ తింటారు. ఏది ఎలా ఉందో, ఏం తప్పుందో చెప్పాలి. “తిన్నవాడు ఏమంటాడో ముందే చెప్పగలిగినవాళ్లే వంటవాళ్లు,” అంది మేడమ్. మాట సబబైనదే. గెలిచినవాళ్ల కార్డు మీద ‘కుక్’ అని ఉంటుంది, నియామక పత్రం హోటల్ పేరు మీదే వస్తుంది.

ఆ సాయంత్రం ఇంట్లో శేషమ్మ పొయ్యి వెలిగించలేదు. దానయ్య భన్‌పురి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని చూస్తే ఆమె గోడకానుకుని కూర్చుంది.

“ఏటే, ఒంట్లో బాగోలేదా?”

“రేపు నన్ను కూకోబెట్టి తినమంతన్నారు.”

“తినమంటే ఏడుత్తావేటి! నన్ను ఒక్కడు పిలవడేటి అలగ?”

“నాను సేసినది నానే తినాల. అమ్మ ఏటి సెప్పింది? పెట్టే సెయ్యి రుసి సూడకూడదని సెప్పలేదా?”

దానయ్య చాపేసుకుని కూర్చున్నాడు. “మీ అమ్మ దేవుడికి పెట్టింది. నువ్వెవులికి పెడతన్నావ్? ఆరో అంతస్తులో వినాయకుడు కూకున్నాడా? బిల్లు కట్టినోడు దేవుడెలగవుతాడే?”

“నీకన్నీ ఎటకారమే.”

“ఎటకారం కాదు. సూడు, లారీకి లోడు కడతాం. కింద నుంచి సూత్తే గట్టిగానే ఉంటాది. పైకెక్కి తొక్కి సూత్తేనే కదా ఏ బస్తా వదులుగా ఉందో తెల్సేది? ఎక్కనోడు కట్టిన లోడు ఊరి సివర టాటీబంధ్ దాటదు. చౌరస్తాలోనే జారిపోద్ది.”

“తప్పు సెప్పలేకపోతే?” అంది శేషమ్మ.

“సెప్పలేకపోతే గిన్నెలు ఎలాగూ ఉన్నాయి. ఎవులూ అట్టుకెల్లిపోరు.”

దానికి ఆమెకు నవ్వొచ్చింది. లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి, హాలు ఖాళీగా ఉన్న వేళ పరీక్ష పెట్టారు. శేషమ్మ పండరీ బజార్లో కొన్న ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది. యూనిఫాం వద్దని మేడమే చెప్పింది. ఉదయం వంటగదిలో ఆమె కోడిమాంసం పెట్టి కొప్పు మూటలు చేసింది. పృథ్వీ రొయ్య పెట్టి అర్ధచంద్రాలు చేశాడు. అవి ఆవిరి మీద ఉండగానే ఇద్దర్నీ హాల్లోకి పిలిచారు.

కిటికీ పక్క టేబుల్‌కి నాలుగు వైపులా నాలుగు కుర్చీలు. మేడమ్, తమాంగ్ అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చున్నారు. శేషమ్మ వెళ్లి కుర్చీ అంచున, కిటికీకి వీపు పెట్టి కూర్చోబోయింది. నీళ్లు తెచ్చిన నాగబాబు ఆ కుర్చీ వెనక్కి లాగేశాడు.

“అటు కాదప్పా, ఇటు కూకో. డబ్బులిచ్చి అందరూ సూసేది అటుపక్కే.”

“నోరు ముయ్యరా, మేడమ్ ఉన్నారు.”

“మేడమ్‌కి తెలుగు రాదులే. సాదా నీల్లా, సీసా నీల్లా మేడమ్ గారూ?” అంటూ శేషమ్మ వైపే వంగాడు.

“కొడతాను నిన్ను.”

పృథ్వీకి తెలుగు వచ్చు గనక అతను తల వంచుకుని నవ్వుకున్నాడు.

శేషమ్మ కిటికీ వైపు కూర్చుంది. చెరువు నిజంగానే బాగుంది. ఎండకు నీళ్లు మెరుస్తున్నాయి, గట్టు మీద చెట్ల నీడల్లో జంటలు కూర్చున్నాయి. రోజూ తాను ఆటో దిగే చోటు, దిగి నడిచే రోడ్డు, సరుకుల లిఫ్ట్ ఉన్న వెనక సందు మలుపు కూడా పైనుంచి కనిపిస్తున్నాయి. సందు మాత్రం మలుపు దాకానే. ఆమె అర నిమిషం చూసింది, తర్వాత బుట్టలు వచ్చేశాయి.

పృథ్వీ చెక్కపుల్లలు రెండూ వేళ్ల మధ్య సులువుగా పట్టుకున్నాడు. మేడమ్ కూడా పట్టుకుంది. శేషమ్మ ముందు ఫోర్కు పెట్టారు. ఆమె దాన్ని పక్కకి జరిపి, కుడిచేత్తో మొదట పృథ్వీ చేసిన అర్ధచంద్రాన్ని తీసుకుంది.

“చేత్తోనా?” అంది మేడమ్.

“మా ఊళ్లో మేమూ చేత్తోనే తింటాం మేడమ్,” అన్నాడు తమాంగ్.

ఎంగిలి మాట ఒక్క క్షణం మనసులో అడ్డం పడ్డా, అది తాను చేసింది కాదు గనక ఇబ్బంది లేకుండానే తింది. రేకు మెత్తగా, జారుగా ఉంది. రొయ్య సరిగ్గా ఉడికింది. తర్వాత తన బుట్ట వైపు చూసింది. కొప్పు పట్టుకుని ఒక మూట ఎత్తింది. పట్టుకోవడానికి అదే వీలు. పట్టుకోగానే వేళ్లకి ఏదో తేడా తగిలింది. మూట అంతా మెత్తగా ఉంది గాని కొప్పు బిరుసుగా ఉంది. కొప్పుతో సహా మొత్తం నోట్లో వేసుకుని నమిలింది. ముందు కోడిమాంసం రసం, అల్లం, ఉల్లికాడ. తర్వాత పంటి కింద పచ్చిపిండి. పద్దెనిమిది కుచ్చెళ్లు ఒకచోట చేరి గట్టిగా మెలిపడ్డ ఆ ముడిలోకి ఆవిరి వెళ్లలేదు. పిండి పంటికి అంటుకుని, నాలుకతో తోసినా పోలేదు.

ఆమె తల తిప్పి మేడమ్ పళ్లెం చూసింది. అంచున రెండు కొప్పులు ఉన్నాయి. తమాంగ్ పళ్లెంలో రెండు. పృథ్వీ కూడా ఒకటి కొరికి, మిగతాది మర్యాదగా పక్కన పెట్టాడు.

ఐదేళ్లుగా తుడిచిన పళ్లాలు ఒక్కసారిగా ఆమె కళ్ల ముందుకొచ్చాయి. వాళ్లెవరూ పద్ధతి కోసం వదల్లేదు. తినలేక వదిలారు. ఒక్కరూ నోరు తెరిచి చెప్పలేదు, చెప్పినా ఆ మాట సింకు దాకా రాలేదు. తాను ఇటు కూర్చుని ఉంటే మొదటి రోజే తెలిసేది.

మేడమ్ ముందు పృథ్వీని అడిగింది. అతను పద్ధతిగా మాట్లాడాడు. “ఆంటీ మడత చాలా బాగుంది మేడమ్. చూడగానే తినాలనిపిస్తుంది. లోపలి ముద్దలో మిరియం కొంచెం తగ్గించవచ్చు. నా రేకు అంచు కాస్త మందమైంది, ఒప్పుకుంటాను.”

“శేషమ్మా, నువ్వు చెప్పు.”

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తమాంగ్‌కే ఇన్నేళ్లూ తట్టలేదు. పైగా ఈ చోటు తనకి వస్తే ఆ కొప్పు వల్లే రావాలి, మెనూ మీద ఉన్నది అదే. శేషమ్మ మంచినీళ్లు తాగి, నోట్లో అంటుకున్న పిండి మింగింది.

“ఇది పచ్చిగా ఉందమ్మా.”

“ఏది, పృథ్వీదా?”

“కాదు, నాది. కొప్పు ఉడకలేదు. ఇన్నేళ్లూ ఉడకలేదు.” పళ్లాల వైపు చూపించింది. “చూడండి, మీరూ వదిలేశారు, మాస్టర్‌జీ వదిలేశారు. రోజూ జనం వదిలేస్తున్నారు. తోమేది నేనే, నాకు తెలుసు.”

తమాంగ్ తన పళ్లెంలోకి చూసుకుని నుదురు రుద్దుకున్నాడు. “దీదీ, అది అలంకారం అనుకున్నాను. కేకు మీద కొవ్వొత్తిలాగా.”

“కొవ్వొత్తికి డబ్బులు తీసుకోం కదా మాస్టర్‌జీ.”

మేడమ్‌కి ఈ సంభాషణ నచ్చలేదు. “ఫోటోలన్నీ ఆ కొప్పుతోనే ఉన్నాయి శేషమ్మా. ఇంకో రెండు నిమిషాలు ఆవిరి మీద ఉంచితే సరిపోదా?”

“కింద రేకు చిట్లిపోయి రసం కారిపోతుంది. నాకు పావుగంట ఇవ్వండి.”

ఎవరైనా కాదనే లోపే ఆమె లేచి, హాలు దాటి, వంటగదిలోకి వెళ్లింది. ఎనిమిది మూటలు మడిచింది. ముడి వేసేచోట పైకి లేచిన పిండిని గోటితో గిల్లి పారేసి, చిన్న నోరు తెరిచి ఉంచింది. ఆవిరి లోపలికి వెళ్లడానికి అంత సందు చాలు. బుట్ట తెచ్చి టేబుల్ మీద పెట్టింది. నలుగురూ తిన్నారు. ఈసారి పళ్లాల్లో ఏమీ మిగల్లేదు.

“బోడిగా ఉంది,” అంది మేడమ్, చేతులు తుడుచుకుంటూ. “తినడానికి బాగుంది. ఫోటోకి బాగోలేదు. ఆలోచించి చెబుతాను.”

రెండు రోజులు ఆలోచించింది. పృథ్వీకి వంటవాడిగా పత్రం ఇచ్చింది. శేషమ్మను పిలిచి, డిమ్‌సమ్ బాధ్యత నీదే, పృథ్వీ నీ దగ్గర మడత నేర్చుకుంటాడు, కాగితం సంగతి ఏజెన్సీ ఒప్పందం ముగిశాక మార్చిలో చూద్దాం అంది. మార్చి అంటే పదకొండు నెలలు. మన దగ్గర పనిచేసేవాళ్లకి మర్యాద వెంటనే దొరుకుతుంది, హక్కే మార్చిలో చూద్దాం అంటారు.

శేషమ్మ గట్టిగా మాట్లాడలేదు. మెడలోని కార్డు తీసి మేడమ్ బల్ల మీద పెట్టి చూపించింది.

“ఇక్కడ యుటిలిటీ అని ఉంది కదమ్మా. అంటే గిన్నెలే కదా?”

“అవును, కానీ...”

“అయితే కాగితం వచ్చేదాకా గిన్నెలే తోముతాను.”

చెప్పినట్టే సింకు దగ్గరికి వెళ్లింది. ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు, ఒక్క పళ్లెం పగలగొట్టలేదు. సింకు దగ్గర ఆమెకు తోడు ఫూల్‌బాయి అనే ఛత్తీస్‌గఢీ ఆవిడ, ఇంకొక చిన్నావిడ ఉండేవాళ్లు. శుక్రవారం తమాంగ్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు సింకు దగ్గరికొచ్చి, సబ్బు చేతుల్నే పట్టుకుని, “పట్టు వదలకు దీదీ,” అన్నాడు.

శనివారం మధ్యాహ్నానికి, వందల లెక్కన చేయాల్సి వచ్చేసరికి, పృథ్వీ రేకులు పగలడం మొదలైంది. ఏప్రిల్ ఎండకి వంటగది కుంపటిలా ఉంది. సాయంత్రం బుట్టలు ఆలస్యమయ్యాయి. ఆదివారం కిటికీ టేబుళ్ల నుంచి రెండు బుట్టలు వెనక్కి వచ్చాయి. కుర్రాడు చెమటలు కక్కుతూ సింకు దగ్గరికి వచ్చాడు.

“ఆంటీ, ప్లీజ్. రేకు నిలబడట్లేదు. ఏం చేస్తున్నాను తప్పు?”

“పిండి ఉమ్మగిల్లకముందే మెదిపేస్తన్నావు.”

“ఎంతసేపు వదలాలి? చూపించండి ఒక్కసారి.”

ఆమె చేతిలోని పీచు పక్కన పెట్టింది. “నీ మీద నాకు కోపం లేదు బాబూ. నీకు కాగితం వచ్చింది, మంచిదే. నాను ఇప్పుడు సూపించీసాననుకో, నువ్వు సేసేత్తావు. తెలివైనోడివి, రేపటికి వచ్చీద్ది. అప్పుడు నా కాగితం ఎప్పుడొత్తాది సెప్పు?”

పృథ్వీ చెడ్డవాడు కాదు. అతని తాత కూడా ఉక్కు కర్మాగారంలో ఇలాంటి కార్డుతోనే ఏళ్ల తరబడి పనిచేశాడని ఇంట్లో విన్నవాడే. “రాదు,” అన్నాడు. నేరుగా మేడమ్ గదికి వెళ్లి, తనకి ఒక్కడికీ ఇది చేతకాదని, శేషమ్మ ఆంటీకి పత్రం ఇవ్వకపోతే తాను కూడా సోమవారం నుంచి రానని చెప్పాడు. అలా చెప్పడం వల్ల ఉద్యోగం పోయే వీలుంది. పోలేదు. ఎందుకంటే వెనక్కి వచ్చిన బుట్టలు అప్పటికి ఐదయ్యాయి.

మంగళవారం పత్రం తయారైంది. శేషమ్మ దాన్ని నిలబడి చదివింది. హిందీలో ఉంది గనక ప్రతి మాటా చదవగలిగింది. మూడో వరుస దగ్గర ఆగింది.

“ట్రైనీ కుక్ అని రాశారు.”

“మొదట అందరికీ అంతే శేషమ్మా.”

“పృథ్వీకి రాయలేదు.”

“అతనికి డిప్లొమా ఉంది.”

“సరేనమ్మా. ట్రైనీ అంటే నేర్చుకునే మనిషి. నేను ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఆయన పేరు కూడా ఇక్కడ రాయండి. రేపట్నుంచి ఆయన దగ్గర నేర్చుకుంటాను.”

ప్రీతి మేడమ్ దగ్గర రాయడానికి పేరు లేదు. కంప్యూటర్‌లో ఒక మాట కొట్టేసి మళ్లీ అచ్చు తీయించింది. శేషమ్మ మళ్లీ మొదటి వరుస నుంచి చివరి దాకా చదివి, అప్పుడు సంతకం చేసింది. కొప్పు విషయంలో మేడమ్ వెనక్కి తగ్గలేదు. మెనూ ఫోటో కోసం బుట్టకి ఒక్కటి కొప్పుతో ఉండాలి, మిగతావి బోడివి కావచ్చు. దానికి శేషమ్మ ఒప్పుకుంది. అన్నీ గెలిచి ఇంటికి వెళ్లే పనివాళ్లని నేనెక్కడా చూడలేదు.

బుధవారం ఉదయం ఆమె పిండి ఉక్కబెట్టి, ముద్ద కలిపి, మొదటి బుట్ట దించింది. వంటవాళ్లకి రోజుకి ఒక బుట్ట రుచి చూడడానికి నియమం ఒప్పుకుంటుంది. ఆ బుట్టను తీసుకుని సింకు దగ్గరికి వెళ్లింది. హాల్లో కుర్చీలు ఇప్పించే అధికారం ఆమెకింకా లేదు. కూరగాయల ట్రేలు మూడు బోర్లించి, ఫూల్‌బాయిని, చిన్నావిడని చేతులు కడుక్కుని కూర్చోమంది.

“లెక్కలో ఉన్నవి కదా దీదీ?” ఫూల్‌బాయి భయపడింది.

“ఇవి నా లెక్కలోవి. తినండి. బాగుందని చెప్పొద్దు, ఏది బాగోలేదో అది చెప్పండి.”

ఎన్నో ఏళ్లుగా వాటి పళ్లాలు తోముతున్నవాళ్లు మొదటిసారి వాటిని కొరికారు. చిన్నావిడ వెంటనే రెండోది తీసుకుంది. ఫూల్‌బాయి మాత్రం నెమ్మదిగా నమిలి, కాస్త సందేహించి, తన భాషలోనే చెప్పేసింది:

“నూన్ కమ్తీ హే దీదీ.”

ఉప్పు తగ్గిందంటోంది. శేషమ్మ బుట్టలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. నిజమే, తగ్గింది. లేచి ఉప్పు డబ్బా తీసుకుని ముద్ద ఉన్న గిన్నె దగ్గరికి నడిచింది.